సలాబత్‌పురా పొద్దుతిరుగుడు

"పన్నెండు దాటింది గదా సార్, నీడ ఇంకా పొట్టిగైతనే ఉంది" అన్నాడు ఆ పొడుగు పిల్లాడు.

2023 నవంబర్ 5. దీపావళికి ముందు ఆదివారం. సూరత్‌లోని సలాబత్‌పురాలో ఓ నాలుగంతస్తుల భవనం డాబా మీద మీటరు పొడవు ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని చుట్టూ సుద్దముక్కతో వలయాలు గీసి కూర్చున్నాం. తొమ్మిది మంది పిల్లలు. అందరూ తొమ్మిది, పది తరగతుల వాళ్లే. మిట్టమధ్యాహ్నం అంటే పగలు పన్నెండు గంటలని వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడేమో కడ్డీ నీడ వాళ్లకు తెలిసిన దానికి విరుద్ధంగా సాక్ష్యం చెబుతోంది.

పొద్దున నీడ కొస ఒక వలయాన్ని తాకిన సమయం రాసుకున్నాం. మధ్యాహ్నం తర్వాత అదే వలయాన్ని మళ్లీ తాకిన సమయమూ రాసుకున్నాం. రెండింటికీ సరిగ్గా మధ్య సమయమే అసలు మధ్యాహ్నం. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. దిక్కులు తేల్చడానికి సూర్యసిద్ధాంతం చెప్పిన శంకువు పద్ధతే. లెక్క వేస్తే 12 గంటల 22 నిమిషాలు వచ్చింది. "గడియారం తప్పా సార్, సూర్యుడు తప్పా?" అని అడిగింది చెల్లెల్ని చంకనేసుకుని వచ్చే అమ్మాయి.

రెండూ తప్పు కాదు. మన దేశమంతటికీ కాలం చెప్పే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి పోతుంది. సూరత్ దాదాపు 72.8 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి కాకినాడలో నడినెత్తికొచ్చిన సూర్యుడు ఇక్కడికి రావడానికి దాదాపు 39 నిమిషాలు పడుతుంది. మరి మాకు 22 నిమిషాలే ఎందుకొచ్చింది? మిగతా 17 నిమిషాలు ఏమయ్యాయి? జవాబు చెప్పకుండా ఫిబ్రవరిలో మళ్లీ కొలుద్దామన్నాను. పిల్లలకు అది నచ్చలేదు. జవాబు దాచుకునే సారును వాళ్లు అంతకుముందు చూడలేదు.

సూర్యుడి వెంట తిరిగే సౌరఫలకాన్ని తయారు చేయడానికి ముందు అసలు సూర్యుడు ఎటు తిరుగుతున్నాడో తెలియాలి కదా. మా పాఠం అలా మొదలైంది.

నేను పుట్టి పెరిగింది ఈ వీధుల్లోనే. మా తాత సిరిసిల్ల వైపు నుంచి వచ్చాడు. మా నాన్న మరమగ్గాల ఖాతాలో పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు. ఖాతా అంటే ఇక్కడ మగ్గాలుండే షెడ్డు. సలాబత్‌పురా, లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మాలాంటి తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే మా వాళ్ల సంఖ్య ఊహించుకోవచ్చు. వరంగల్ మీదుగా పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మాకు సొంతూరి బస్సు లాంటిది. మా పిల్లలు ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతారు. పదో తరగతి దాటాక మాత్రం వాళ్లలో చాలామందికి వినిపించే భాష ఒక్కటే, మగ్గం చప్పుడు.

నేను ఎలాగో దాన్ని తప్పించుకుని ఇంజనీరునయ్యాను. ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. నా బీఈ చివరి ఏడాది ప్రాజెక్టు నేను చేసింది కాదు. నలుగురం కలిసి డబ్బులేసుకుని దుకాణంలో కొన్నాం. పెట్టె తెరిచి వైర్లు కలిపితే పని చేసింది. మార్కులు బాగానే వచ్చాయి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఆగిపోయిన మోటారు ముందు నిలబడి ఏం చేయాలో తెలియక చెమటలు కక్కాను. పక్కనున్న మెకానిక్ బేరింగ్ మీద చెయ్యి పెట్టి చూసి, అరగంటలో బాగు చేసి వెళ్లాడు. అతను చదివింది ఏడో తరగతి. ఆ రోజు నుంచి నా డిగ్రీ కాగితం మీద నాకే కొంచెం అనుమానం. ఈ ఆదివారం పాఠాల వెనక ఉన్నది సమాజసేవ కంటే ఆ పాత అప్పే.

అయినా నేను బుద్ధి తెచ్చుకోలేదు. రెండో ఆదివారమే ఒక తయారీ కిట్ కొనుక్కొచ్చాను. ప్లాస్టిక్ ముక్కలు, చిన్న మోటారు, ముందే రాసిపెట్టిన ప్రోగ్రామ్. గంటలో బిగించేశారు. టార్చిలైటు ఎటు తిప్పితే అటు తిరిగింది. చప్పట్లు కొట్టారు. తర్వాత పది నిమిషాలకే సెల్‌ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నారు. "ఎందుకు తిరిగింది?" అని అడిగితే, "కిట్ మంచిది సార్" అన్నాడొకడు. నా కాలేజీ ప్రాజెక్టు మళ్లీ నా ముందుకొచ్చినట్టనిపించింది. కిట్టును పెట్టెలో పెట్టేశాను.

దీపావళి సెలవుల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. తుక్కు దుకాణంలో పాత కారు వైపర్ మోటారు దొరికింది. మగ్గాల షెడ్డులో పడేసిన ఇనుప గొట్టం ఇరుసైంది. 40 వాట్ల సౌరఫలకాలు రెండు కొన్నాం. ఒకటి తిరగడానికి, ఇంకొకటి కదలకుండా దక్షిణానికి వాల్చి పెట్టడానికి. రెండోది ఎందుకని అడిగారు. "మనం చేసింది నిజంగా లాభమో కాదో చెప్పడానికి ఒక సాక్షి కావాలి" అన్నాను.

సూత్రం తేలికే. వెలుతురు పడితే విద్యుత్ నిరోధం తగ్గే బిళ్లలుంటాయి. వాటిని ఎల్‌డీఆర్ అంటారు. రెండు బిళ్లలు పక్కపక్కన పెట్టి మధ్యలో నిలువుగా ఒక అట్టముక్క అడ్డం పెడితే సూర్యుడు పక్కకు జరిగినప్పుడు ఒకదాని మీద నీడ పడుతుంది. రెండింటికీ తేడా వస్తే మోటారు తిరగాలి, తేడా పోతే ఆగాలి. ఎండ ఏటవాలుగా పడితే ఏం నష్టమో కూడా లెక్క కట్టాం. కిరణాలు నిటారు నుంచి 60 డిగ్రీలు వాలితే ఫలకానికి అందే వెలుగు సగమే. ఆ కొసైన్ పట్టికను అప్పటిదాకా పరీక్ష కోసమే చదివామని వాళ్లే చెప్పారు.

తేడాను కనిపెట్టి దాన్ని సరిదిద్దుకునే యంత్రం అనే మాటను ఎలా వివరించాలా అని ఆలోచిస్తుంటే ఆ పొడుగు పిల్లాడే దారి చూపించాడు. "మగ్గంలో పేక తెగితే ఫోర్కు తెలుసుకుని మగ్గాన్ని ఆపుతది గదా సార్, అట్లనా?" అన్నాడు. అచ్చం అలాగే. నాడె విసిరిన ప్రతిసారీ పేక దారం ఉందో లేదో ఆ చిన్న ఫోర్కు తడిమి చూస్తుంది. దారం లేకపోతే మగ్గం ఆగిపోతుంది. కంప్యూటర్ చిప్పు పుట్టక ముందే వాళ్ల తాతల చేతుల్లో ఉన్న పరికరం అది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఫీడ్‌బ్యాక్ అని మూడు నెలలు చదివాను. మా నాన్న దాని పక్కన ముప్పయ్యేళ్లు నిలబడ్డాడు. రెండూ ఒకటేనని నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నాకు తట్టనూ లేదు.

మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు మా యంత్రం పూనకం వచ్చినట్టు ఊగింది. తూర్పుకు కొంచెం, పడమరకు కొంచెం, మళ్లీ తూర్పుకు. రెండు బిళ్లలూ ఒకే రకమే అయినా ఒకే వెలుతురుకు ఒకేలా స్పందించడం లేదు. పైగా "తేడా లేనప్పుడు ఆగు" అని మేం రాసిన ప్రోగ్రామ్‌కు సున్నా తేడా ఎప్పుడూ దొరకదు. ఆ సంగతి పట్టుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. చివరికి "ఇంత లోపు తేడాను పట్టించుకోకు" అని ఒక హద్దు పెట్టాం. యంత్రం శాంతించింది. "అంటే కొంచెం తప్పును ఒప్పుకుంటేనే సరిగ్గా పనిచేస్తదా?" అని ఆశ్చర్యపోయింది ఆ అమ్మాయి. నూటికి నూరు మార్కులు వస్తేనే తెలివి అని నమ్మే పిల్లలకు అది ఒకింత కష్టమైన పాఠం.

సంక్రాంతి అంటే సూరత్‌లో గాలిపటాలు. ఉత్తరాయణం నాడు డాబాల మీద కాలు పెట్టడానికి చోటుండదు. మర్నాడు వెళ్లి చూస్తే మా ఇరుసుకు రంగు రంగుల మాంజా దారం చుట్టుకుపోయి ఉంది. దాన్ని కోసి తీసి సంతోషపడేలోపే అసలు గొడవ మొదలైంది. గాలి వీస్తే చాలు, ఫలకం టకటకమని కొట్టుకుంటోంది. మోటారు పళ్లచక్రానికీ ఇరుసు చక్రానికీ మధ్య ఉన్న కాస్త సందు వల్ల ఫలకం అటూ ఇటూ ఊగుతోంది. కొత్త పళ్లచక్రాలు కొనడానికి డబ్బు లేదు. నాకు ఉపాయం తట్టలేదు.

సరిగ్గా అప్పుడే పొడుగు పిల్లాడు రావడం మానేశాడు. ఒక ఆదివారం, రెండు, మూడు. నాలుగో ఆదివారం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఒకటే గది. పైన అటక, కింద గ్యాస్ పొయ్యి, మూలన కుట్టు మిషన్. వాళ్ల నాన్న జాబర్, అంటే చెడిన మగ్గాలను బాగు చేసే మనిషి. చెయ్యి బెణికి రెండు వారాలు పనికి పోలేదట. పిల్లాడు బడి వదిలాక ఆయన బదులు ఖాతాకు వెళ్లి సాయం చేస్తున్నాడు. పదో తరగతి పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి.

"మీరు మంచికే చెప్తున్నరు సార్" అన్నాడాయన. "కానీ పొద్దు ఎంబడి తిరిగితే బియ్యం వస్తయా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర పెద్ద కథే ఉంది. ఫ్రాంక్ షూమన్ అనే అమెరికన్ 1913లో కైరో దగ్గరి మాదిలో సూర్యుడి వెంట తిరిగే పొడవాటి అద్దాల తొట్లు కట్టి, ఆవిరి పుట్టించి, నైలు నీటిని పొలాలకు తోడాడని చెప్పొచ్చు. మన గుజరాత్‌లోనే పాటన్ జిల్లా చారంకాలో 2012లో పెద్ద సౌర పార్కు మొదలైందని చెప్పొచ్చు. కానీ ఆ గదిలో ఆ మాటలు నోటికి రాలేదు. "ఒక్కసారి డాబా మీదికి రండి. ఫలకం ఊగుతోంది. ఎలా ఆపాలో నాకు తెలియడం లేదు" అన్నాను. అది నిజమే. మనిషిని పిలవడానికి వేసిన ఎత్తుగడ కాదు.

ఆయన వచ్చాడు. చేతికి గుడ్డ కట్టుకునే ఉన్నాడు. ఫలకాన్ని ఓసారి పట్టుకుని కదిపి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని పళ్లచక్రం చప్పుడు విన్నాడు. "బీముకు కట్టినట్టు కట్టాలె" అన్నాడు. మగ్గం వెనక పడుగు చుట్టిన బీము ఉంటుంది. అది ఇష్టమొచ్చినట్టు తిరిగితే దారాలు వదులైపోతాయి. అందుకే బీము అంచుకు తాడు చుట్టి దానికి బరువు వేలాడదీస్తారు. ఆయన ఇరుసుకు తాడు నాలుగు చుట్లు చుట్టించి, ఒక కొసను ఇరుసుకే బిగించి, రెండో కొసకు ఇటుకముక్క కట్టించాడు. చేతులు కొడుకువి, మాటలు ఆయనవి. బరువు ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంటుంది కాబట్టి చక్రాల పళ్లు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉంటాయి. సందు ఉన్నా ఊగడానికి వీల్లేదు. వైపర్ మోటారులోని మరచక్రం వెనక్కి తిరగదు కాబట్టి బరువు ఫలకాన్ని లాగేస్తుందన్న భయమూ లేదు.

టకటక ఆగిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఖర్చు సున్నా.

పిల్లలంతా ఆయన చుట్టూ చేరారు. కొడుకు మాత్రం కొంచెం దూరంగా నిలబడి చూస్తున్నాడు. తండ్రిని అలా అందరూ "ఎట్ల తెలిసింది అంకుల్?" అని అడగడం వాడు ఎప్పుడూ చూసి ఉండడు. "చేసీ చేసీ తెలుస్తది" అన్నాడాయన, అంతకంటే ఏం చెప్పాలో తెలియక. ఆ బరువు ఎందుకు పనిచేసిందో బొమ్మ గీసి చెప్పడం నా వంతైంది. ఆయన కూడా కూర్చుని విన్నాడు. ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనికి ఒక బొమ్మ ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ పనికి నా దగ్గర బొమ్మ తప్ప మరేమీ లేదని నాకూ అప్పుడే తెలిసింది.

తర్వాతి ఆదివారం నుంచి పిల్లాడు రావడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరి 11న మళ్లీ కడ్డీ నిలబెట్టాం. ఈసారి మధ్యాహ్నం 12 గంటల 53 నిమిషాలకు అయింది. మూడు నెలల్లో అరగంట జరిగింది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రంగా లేకపోవడం, దాని ఇరుసు వాలి ఉండడం వల్ల సూర్యుడు గడియారం కంటే ఒకప్పుడు ముందు, ఒకప్పుడు వెనక నడుస్తాడు. నవంబర్ మొదట్లో దాదాపు 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో దాదాపు 14 నిమిషాలు వెనక. 39 నుంచి 16 తీసేయండి, 39కి 14 కలపండి. ఒకటి రెండు నిమిషాల తేడాతో మా లెక్కలు సరిపోయాయి. నేను నవంబర్‌లోనే జవాబు చెప్పేసి ఉంటే వాళ్లు నోట్సులో రాసుకుని మరిచిపోయేవాళ్లు. ఇప్పుడది వాళ్లు సొంతంగా కొలిచి పట్టుకున్న అరగంట.

ఆ రెండు రోజులకే, ఫిబ్రవరి 13న, ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చింది. కోటి ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అన్నారు. పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరు నన్ను అడిగారు. సలాబత్‌పురాలో అద్దె గదుల వాళ్లకు కప్పు తమది కాదు. సూర్యుడు అందరివాడే అయినా డాబా మాత్రం ఇంటి యజమానిది. ఈ చిక్కుకు నా ఇంజనీరింగులో జవాబు లేదు.

మార్చిలో, పదో తరగతి పరీక్షలు అయ్యాక, అసలు పరీక్ష పెట్టుకున్నాం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా, అరగంటకోసారి, రెండు ఫలకాల కరెంటునూ కొలిచి కూడాం. నడి మధ్యాహ్నం రెండూ దాదాపు సమానం. పొద్దున, సాయంత్రం మాత్రం తిరిగే ఫలకానిదే పైచేయి. రోజు మొత్తానికి మా పొద్దుతిరుగుడు దాదాపు పావు వంతు ఎక్కువ ఇచ్చింది. గోల గోలగా చప్పట్లు. అప్పుడా అమ్మాయి లెక్కల పుస్తకం ముందుకు జరిపింది.

"సార్, ఫలకం రెండు వేలు. మోటారు, ఇనుము, బోర్డు, వైర్లు కలిపి నాలుగు వేలు దాటినయి. ఆ పైసలతోటి ఇంకో రెండు ఫలకాలు కొంటే రెండింతలు ఎక్కువ వస్తది గదా? మరి మనం ఇదెందుకు చేసినట్టు?"

డాబా మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. నాలుగు నెలల పనిని ఒక పద్నాలుగేళ్ల పిల్ల మూడు వాక్యాల్లో కొట్టేసింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. 2010 తర్వాతి పదేళ్లలో సౌరఫలకాల ధరలు పదో వంతుకు పడిపోయాయి. ఒక్క ఫలకానికి ఒక మోటారు పెట్టడం ఈ రోజుల్లో దండగే. విశాలమైన మైదానంలో, ఒకే మోటారు వరుసలో ఉన్న ఎన్నో ఫలకాలను కలిపి తిప్పే చోట మాత్రం లెక్క మారుతుంది. ఇరుకు డాబా మీద ఎండను అడ్డుకునే పక్క భవనం, నీళ్ల ట్యాంకు ఉన్నచోట ఇంకో ఫలకం కొనుక్కోవడమే తెలివి.

"నువ్వు ఇప్పుడు చెప్పింది చెప్పడం కోసమే" అన్నాను. ఏదో సమర్థించుకున్నట్టు అనిపించవచ్చు. కానీ ఈ మాట మీద నాకు అనుమానం లేదు. యంత్రాన్ని కట్టగలగడం సగం ఇంజనీరింగ్. కట్టి, కొలిచి, "ఇక్కడ ఇది వద్దు" అని చెప్పగలగడం మిగతా సగం. దుకాణంలో ప్రాజెక్టు కొన్న నాకు ఆ రెండో సగం చాలా ఏళ్ల తర్వాత, కంపెనీ డబ్బు కొంత పోగొట్టాక వచ్చింది. ఆ పిల్లకు తొమ్మిదో తరగతిలో వచ్చింది.

2016 నుంచి దేశంలోని వేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పెట్టారు. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు సొంతంగా చేసి చూడడానికి పనిముట్లు, డబ్బు ఇస్తున్నారు. మంచి పనే. అయితే పనిముట్లు ఉన్నంత మాత్రాన సరిపోదని నా కిట్టు అనుభవం. పాడైతే బాగు చేసుకునేందుకు తగినంత సమయం కావాలి. జవాబు తెలియదని ఒప్పుకునే సారు కావాలి. వీలైతే పక్క వీధిలోంచి ఒక జాబర్‌నో, వెల్డర్‌నో, మోటార్లు చుట్టే మనిషినో పిలుచుకోవాలి. సలాబత్‌పురాలో ఇంజనీరింగ్ లేదనుకుని నేర్పడానికి వెళ్లినవాణ్ని నేను. అక్కడ అది ప్రతి ఖాతాలోనూ పొద్దస్తమానం చప్పుడు చేస్తూనే ఉంది. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు, అంతే.

జూన్‌లో వానలకు ముందు యంత్రాన్ని విప్పేశాం. పెద్ద గాలికి డాబా మీద అలాంటిది ఉంచకూడదని పిల్లలే తీర్మానించారు. పొడుగు పిల్లాడు పది పాసై ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరాడు. సెలవు రోజుల్లో ఇప్పటికీ తండ్రితో ఖాతాకు వెళ్తాడు. మగ్గం నుంచి వాణ్ని తప్పించానని నేను చెప్పుకోలేను. పొద్దుతిరుగుడు మొక్క లేతగా ఉన్నప్పుడే సూర్యుడి వెంట తిరుగుతుంది, పువ్వు పూర్తిగా విచ్చుకున్నాక తూర్పుకే చూస్తూ నిలిచిపోతుంది. పిల్లలు ఎటు చూసి నిలబడతారో నాకు తెలియదు. తిరిగే వయసులో కాస్త ఎండ తగిలింది.

రెండు ఫలకాలనూ ఇప్పుడు దక్షిణం వైపు 21 డిగ్రీలు వాల్చి బిగించేశాం. సూరత్ అక్షాంశం అంతే. అవి పగలంతా బ్యాటరీని నింపుతాయి. రాత్రి ఆ భవనం మెట్ల మీద రెండు బల్బులు వెలుగుతాయి. అంతకుముందు అక్కడ చీకటే. రాత్రి షిఫ్టుకు దిగేవాళ్లు ఇప్పుడు గోడ పట్టుకుని తడుముకోనక్కర్లేదు.

పొద్దు వెంట తిరిగితే బియ్యం రాలేదు. మెట్లు మాత్రం కనిపిస్తున్నాయి.